నల్ల అంచు పోస్టరు

నా ముఖం గోడలకెక్కడానికి నేనెందుకు ఒప్పుకున్నానో ఆ పిల్లకి చెప్పలేదు. బేరం మొదట్లోనే మన అవసరం బయటపెట్టుకుంటే ధర పెరుగుతుంది. ఎదుటివాడి చేతిలో ఉన్నది మనకి కావాలనుకున్నప్పుడు పక్కనున్న సరుకు వైపు చూడాలి. మా అమ్మ నాకు నేర్పింది ఈ ఒక్క లెక్కే. దీంతోనే బతికాను, చాలావరకు లాభమే చూశాను.

ఆ పిల్ల పేరు జిఫా. వోల్టా నది అవతలి మనిషి. మా ఫాంటీ మాటలు పలికేటప్పుడు నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు పలుకుతుంది. జిల్లా ఆఫీసులో ఆమెకో ఉద్యోగం ఇచ్చారు. నేలని, నీటిని ఎలా కాపాడుకోవాలో జనానికి బోధించడం. సంత రోజున చిన్న మైకు, కాగితాల కట్ట పట్టుకుని మా ఎన్సువానోకి వచ్చేది. ఎండలో నిలబడి గొంతు పోయేదాకా చెప్పేది. జనం ఆమె చుట్టూ తిరిగి పోయేవాళ్ళు, దారి మధ్యలో ఆగిపోయిన బండి చుట్టూ తిరిగి పోయినట్టు.

నా చిన్నప్పుడు మా ఊరంటే చేపలు ఎండబెట్టే రేవు, వెనకాల సముద్రపు నీరు నిలిచే ఉప్పుకయ్య, అంతే. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. రోడ్డు వెంట ఇళ్ళు వచ్చాయి, ఇళ్ళ వెనక ఇళ్ళు వచ్చాయి, కొళాయిలు మాత్రం రాలేదు. అందుకే నీళ్ళు ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చాయి. నేను నీళ్ళ ప్యాకెట్ల టోకు వర్తకురాలిని. ఊరు పెరిగిన కొద్దీ నేనూ పెరిగాను. జనం ప్యాకెట్ మూల కొరికి, తాగి, ఖాళీ తోలుని నిలబడ్డ చోటే వదిలేస్తారు. అది కాలువలోకి పోతుంది, కాలువ సంత మధ్యగా ఉప్పుకయ్యలోకి పోతుంది. పోవాలి అనాలేమో. కొన్నాళ్ళుగా వానాకాలంలో అది పోవడం మానేసి మన మీదికే వస్తోంది.

ఒకరోజు జిఫా, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, అదే కెంకీ, అమ్మే అదోమాకి ఒక కాగితం ఇచ్చింది.

"చదవండి అక్కా. మన కాలువ గురించే."

"కళ్ళజోడు ఇంట్లో ఉంది," అంది అదోమా, కళ్ళజోడు ఎన్నడూ పెట్టుకోని మనిషి. "ఇంకో పది ఉంటే ఇటు పడెయ్యి. కెంకీకి ఆకులున్నాయి గానీ చేప చుట్టడానికి నాకేమీ లేదు."

జిఫా నిజంగానే కట్టంతా ఇచ్చేసింది. ఆ సాయంత్రం వేయించిన చేపలన్నీ మా నీటి కష్టాల్లో చుట్టుకునే ఇళ్ళకి పోయాయి. ఆమె నా కొట్టు అరుగు మీద కూలబడింది. నేను ఒక నీళ్ళ ప్యాకెట్ ఇచ్చాను. తాగి, ఆ తోలు మడిచి తన సంచిలోనే పెట్టుకుంది.

"ఇక్కడ అందరూ మీ మాట వింటారు. ఖాళీ ప్యాకెట్లు గోనెలో వెయ్యండి, కాలువలో వద్దు అని మీరే చెప్పినట్టు పోస్టరు వేస్తాను. మీ ఫోటోతో."

"నీళ్ళు అమ్మేదాన్ని నేను. నా నెత్తిమీదే బురద వేస్తావా?"

"మీరమ్ముతారు కాబట్టే మీరడగాలి. ఇంకెవరడిగినా కాగితమే."

తెలివైన పిల్లే. అయినా నేను కుదరదని చెప్పబోయాను.

"ఎక్కడెక్కడ అతికిస్తారు?" అన్నాను ఊరికే.

"రోడ్డు పొడుగునా. ప్రతి బస్టాండులో. టకొరాడి పట్నం దాకా."

నేను గోనెల వరస సర్దుతూ, టకొరాడి అన్న మాట వినపడనట్టే, "సరే, తీసుకో ఫోటో," అన్నాను.

టకొరాడిలో మాన్సా ఉంది. మా అక్క కూతురు. అక్క పోయాక నా దగ్గరే పెరిగింది. మాలో అక్క బిడ్డంటే మన బిడ్డే, నాకు వేరే బిడ్డలు లేరు కాబట్టి మాన్సా ఒక్కతే. నా తర్వాత కొట్టు ఆమెది. ఈ సంగతి నాకు తెలుసు, ఊరికి తెలుసు. ఆమెకీ తెలుసనుకున్నాను. నీళ్ళ మూటల మధ్యే నడక నేర్చింది. పెద్దయ్యాక ఖాళీ తోళ్ళు పోగుచేసి అమ్మొచ్చు పిన్నీ అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. తర్వాత టకొరాడిలో ఆ తోళ్ళు కొనే కంపెనీ ఒకటి పెట్టారు. సంతలకి వెళ్ళి ఆడవాళ్ళకి చెప్పి, తోళ్ళు పోగుచేయించే పని ఆమెకి దొరికింది.

సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

"వెళ్ళమంటావా పిన్నీ?"

"నీ ఇష్టం."

సంచి కింద పెట్టి, మళ్ళీ భుజానికెత్తుకుంది. అప్పుడే సరుకు వ్యాను వచ్చింది. నేను మూటలు దింపించుకోవడానికి వెళ్ళాను. తిరిగి చూసేసరికి గుమ్మం ఖాళీ.

ఆ తర్వాత పొడిగాలి కాలం రెండుసార్లు వచ్చి పోయింది. మొదట్లో ఆదివారాలు ఫోను చేసేది. బేరం ఎలా ఉంది అని తను అడిగేది. నీ పని ఎలా ఉంది అని నేను అడిగేదాన్ని. ఇద్దరం బాగుందనేవాళ్ళం. ఆ పైన అమ్మడానికి ఇద్దరి దగ్గరా సరుకు ఉండేది కాదు. పోను పోను ఆదివారాలు ఎడమైపోయాయి. నేను చెయ్యొచ్చు. కానీ ముందు ఎవరు చేస్తే వాళ్ళకి అవసరం ఉన్నట్టు. ఇంట్లో ఉన్న చిన్న గిన్నె కూడా నా ఒక్కదాని కూరకి పెద్దదైపోయింది. వండటం మానేసి అదోమా దగ్గర ఒక కెంకీ కొనుక్కుని సగం తిని, సగం పొద్దున్నకి మూతపెట్టేదాన్ని.

నా కాళ్ళు టకొరాడికి వెళ్ళవు. నా ముఖం వెళ్తే నష్టమేముంది? ఇది నా లెక్క.

ఫోటోకి నీలం బట్ట కట్టుకుని, పెద్ద పూసల దండ వేసుకుని కూర్చున్నాను.

"కొంచెం నవ్వండి," అంది జిఫా.

"అమ్మేవాళ్ళు నవ్వితే సరుకు నాసిదనుకుంటారు. తియ్యి."

తీసింది. ఆ వారమే ఆమెని ఏదో శిక్షణకి అక్రా పంపారు. ఫోటో, రాయవలసిన మాటలు అచ్చుకొట్టు వాడికి ఇచ్చి, అతికించే పని కూడా అతనికే అప్పగించి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో అచ్చుకొట్టు ఒకటే. అతను అచ్చు వేసేవి రెండే రకాలు. చర్చి పాటల కాగితాలు, చావు పోస్టర్లు. అందులోనూ రెండోదే ఎక్కువ. మా దగ్గర మనిషి పోతే ఊరూరా గోడల మీద పోస్టరు పడాలి. ముఖం ఎంత పెద్దదైతే మర్యాద అంత పెద్దది. అతని దగ్గర చట్రం ఒకటి సిద్ధంగా ఉంటుంది. ముఖం మారుతుంది, చట్రం మారదు.

ఆ రోజుల్లోనే నా మోకాలు వాచింది. కొట్టు తెరవలేదు. తలుపు వేసుకుని, కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాను. ఎవరైనా వచ్చి, ఏమైంది, కొట్టు మూసేశావేం అని అడుగుతారనుకున్నాను. ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పు కాదు. సంతలో ఒక కొట్టు మూస్తే పక్క కొట్టుకి పోతారు. నేనైనా అంతే.

శనివారం పొద్దున వాకిట్లో ఏడుపు వినిపించింది. పక్కింట్లో ఎవరో పోయారనుకున్నాను. ఏడుపు దగ్గరికి వచ్చింది. అందులో నా పేరు ఉంది.

"ఒత్సివా అక్కా! ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా పోయావే! ఇంక నా కెంకీ ఎవరు కొంటారే!"

అదోమా గొంతు అది. గోడ పట్టుకుని లేచి, మోకాలికి గుడ్డతో, చేతిలో టీ గిన్నెతో తలుపు తీశాను.

వాకిలి నిండా నలుపు, ఎరుపు. సంత ఆడవాళ్ళందరూ చావు బట్టల్లో ఉన్నారు. కొందరు నెత్తిన ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చారు. అదోమా నన్ను చూసి నోరు తెరిచింది, ఏడుపు ఆగిపోయింది, కాళ్ళు కూడా ఆగిపోయి మట్టిలోనే కూర్చుంది. వెనకనున్న ఒకామె కుర్చీ పారేసి పరిగెత్తింది.

"దయ్యం!" అన్నారెవరో.

"దయ్యానికి మోకాలు వాస్తుందటే?" అన్నాను. "ఎవరు పోయారు?"

"నువ్వే!" అంది అదోమా కింద నుంచి. కోపంగానే అంది. "గోడలన్నిటి మీదా ఉన్నావు!"

ఫోనులో ఫోటో చూపించారు. నీలం బట్టలో నేను, చుట్టూ నలుపూ ఎరుపూ అంచు, నవ్వు లేని ముఖం. పైన పెద్ద అక్షరాల్లో 'ఎంత ఘోరం!' అని. కాలువ సంగతి గురించి జిఫా రాసిన మాట అది. అచ్చుకొట్టు వాడికి ఆ మాట బాగా అలవాటైనదే, చావు పోస్టర్ల మీదా అదే వేస్తాడు. కింద చీమల్లా చిన్న అక్షరాలు.

"కింద రాసింది చదవలేదా మీరు?"

"పైన ఎంత ఘోరం అని, మధ్యలో నీ మొహం ఉంటే, కింద ఎవరు చదువుతారు? పైగా కొట్టు మూసుంది. మేం నిన్నంతా ఏడ్చాం తెలుసా? నిన్నటి వేపుడు చేపలు మాడిపోయాయి నీ వల్ల."

గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ముందు నీళ్ళిచ్చి, తర్వాత ఏం పని మీద వచ్చారో అడగాలి. అది మర్యాద. వచ్చిన పని ఏదైనా సరే. లోపలి నుంచి మూట తెప్పించి అందరికీ తలో ప్యాకెట్ ఇచ్చాను. తాగారు.

"ఏం పని మీద వచ్చారు?" అన్నాను.

అదోమా లేచి, బట్ట దులుపుకుని, పద్ధతి ప్రకారం గొంతు సవరించుకుంది. "అంతా మంచే. ఇక్కడ ఒత్సివా అనే ఆవిడ పోయిందని తెలిసి ఏడవడానికి వచ్చాం. చూడబోతే ఆవిడకి తీరిక లేనట్టుంది."

వాకిలంతా నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను. తాగిన తోళ్ళు అప్పటికే మట్టిలో, మెట్టు కింద, నా గోడ పక్క కాలువలో ఉన్నాయి. ఎవరూ పారేసినట్టు లేదు, చేతులే వాటంతటవి వదిలేసినట్టు.

"ఏడ్చారు, సంతోషం," అన్నాను. "ఆ కాలువ వైపు చూడండి. శవం ఇంకా లేదు గానీ చెత్త అప్పుడే వచ్చింది. రేపు వానకి అది పొంగితే నీళ్ళు ముందు నా మంచం కిందికే వస్తాయి, నేను నిజంగానే పోతాను. అచ్చు ఖర్చైనా కలిసొస్తుంది. ఇవే పోస్టర్లు ఉంచుకోండి, కొత్తవి వెయ్యక్కర్లేదు."

మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు పొట్టిగా తెగిపోయింది. అదోమా వంగి ఒక తోలు తీసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా వైపు చూసింది. నేను ఖాళీ గోనె ఒకటి గుమ్మానికి తగిలించాను. ఒకరి తర్వాత ఒకరు వంగారు, చావు బట్టలు మట్టికి తగలకుండా ఎత్తిపట్టుకుని.

"ఇంతకీ ఆ చిన్న అక్షరాల్లో ఏముందే?" అని అడిగిందొకామె.

చదువుకున్న అమ్మాయొకతె ఫోను దగ్గరగా పెట్టుకుని చదివింది. ఒక్కొక్క ప్యాకెట్ ఎక్కడికి పోతుందో, కాలువ మూసుకుంటే ఏ వీధి ముందు మునుగుతుందో, ఉప్పుకయ్యలో పీతలు ఎందుకు తగ్గాయో. అందరూ నిలబడి విన్నారు. జిఫా కాగితాల్లో చివరి మాట దాకా జనం విన్నది మా ఊళ్ళో అదొక్కటే. ఆ పిల్ల అప్పుడు అక్రాలో ఉంది, చూడలేకపోయింది.

వాళ్ళు వెళ్ళిపోయారు. కుర్చీలు కూడా పట్టుకుపోయారు. వాకిలి ఒక్కసారిగా పెద్దదైపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. పోస్టరు టకొరాడి దాకా వెళ్ళింది.

ఫోను తీశాను. మాన్సా చూసి ఉంటే ఫోను చేసేది కదా అనుకున్నాను. చెయ్యదు. పోయినవాళ్ళ ఫోనుకి ఎవరూ చెయ్యరు. నేను చెయ్యాలి. చేసి, బతికే ఉన్నానని చెప్పాలి. మీట మీద వేలు పెట్టాను. ఒక లెక్క కళ్ళ ముందుకొచ్చింది. నేను ఫోను చేస్తే ఆమె ఏడుపు ఆగుతుంది. బస్సెక్కడమూ ఆగుతుంది.

ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

ఆ పగలంతా మెట్టు మీదే కూర్చున్నాను. రోడ్డు మీద వ్యాను ఆగిన ప్రతిసారీ మోకాలు నొప్పి మర్చిపోయి సగం లేచాను. ఎవరెవరో దిగారు. మధ్యాహ్నం దాటాక లేవడం మానేశాను. బహుశా ఆమె పోస్టరు చూడలేదు. లేకపోతే చూసి, పని మానుకుని రావడం ఎందుకులే అనుకుని ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువ నష్టమో తేల్చుకుంటూ కూర్చున్నాను.

పొద్దు ఉప్పుకయ్య మీదికి వాలే వేళకి మాన్సా వచ్చింది. నల్ల బట్ట కొత్తది, గంజి కూడా పోలేదు. నుదుటికి ఎర్ర గుడ్డ. కాలువ మీది చెక్క దగ్గరే ఆగిపోయింది. కేక వెయ్యలేదు. నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"బతికే ఉన్నావా?"

"మోకాలు వాచింది."

"మోకాలా!"

ఆ చెక్క మీదే కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. నేను లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చాను. ఈసారి ప్యాకెట్ కాదు, ఆమె చిన్నప్పటి ఇత్తడి గ్లాసులో. తాగింది. మర్యాద మాటే అడిగాను.

"ఏం పని మీద వచ్చావు?"

"మా అమ్మని పూడ్చడానికి," అంది.

పిన్ని అనలేదు. నేను గ్లాసు వైపు చూశాను.

"ఈ పొరపాటు నీకెప్పుడు తెలిసింది?" అంది మాన్సా.

"పొద్దున."

"పొద్దున తెలిసింది. నాకు ఫోను చెయ్యలేదు." గొంతు పెంచలేదు. "దారంతా ఏడ్చాను. పక్క సీటు ముసలాయన తన రుమాలు ఇచ్చేసి దిగిపోయాడు. పోయేటప్పుడు నీ దగ్గర ఎవరున్నారో, నీళ్ళు ఎవరు పోశారో అనుకుంటూ వచ్చాను. నువ్విక్కడ మెట్టు మీద తీరిగ్గా కూర్చున్నావు."

"చేస్తే నువ్వు రావని చెయ్యలేదు."

మాట బయటికి వచ్చేసింది. సరుకు బల్ల మీద పెట్టేశాను, ఇక వెనక్కి తీసుకోలేను.

ఆమె కాలువ వైపు తిరిగింది. "రమ్మని ఒకసారి అడిగి చూడాల్సింది," అంది.

"అడిగితే వచ్చేదానివా?"

"ఏమో. ఎవరూ అడగలేదుగా."

కెంకీ, చేప తిన్నాం. చిన్న గిన్నె ఆ పూట సరిపోయింది. తింటూ గుమ్మానికి వేలాడుతున్న గోనె చూసింది.

"ఇవన్నీ నువ్వు పోగుచేశావా?"

"నా చావుకి వచ్చినవాళ్ళు."

ఈసారి మామూలుగా నవ్వింది. "టకొరాడిలో మేం పెట్టే బోర్డుల ముందు కుక్కలు కూడా ఆగవు పిన్నీ. నీ ఫోటో ముందు జనం గుంపుగా నిలబడ్డారు. పిల్లల ముఖాలు, చెట్ల బొమ్మలు ఎన్ని వేశామో. ఇది మాకు తట్టలేదు." తర్వాత మెల్లగా అంది, "నేను చెప్పినప్పుడు నవ్వావు. ఇప్పుడు గోడెక్కి ఊరంతటికీ చెప్తున్నావు."

"నీకు కనపడుతుందనే ఎక్కాను," అనాలి నేను. "చేప ఇంకో ముక్క తిను," అన్నాను.

తెల్లవారగానే వెళ్ళడానికి తయారైంది. ఆమె పని ఆమెకుంది. నల్ల బట్ట ఉతికి ఆరేసింది, మడతపెట్టి నా పెట్టెలో నా బట్టల మీద పెట్టింది.

"ఇక్కడే ఉండనీ. ఖరీదైంది. మళ్ళీ కొనను."

వ్యాను దగ్గర నా మోకాలి కట్టు ఒకసారి వంగి సరిచేసింది. ఎక్కి కూర్చుని కిటికీలోంచి అంది, "పిన్నీ, ఈసారి కబురు బతికుండగా పెట్టు."

ఆ పోస్టర్లు ఇంకా గోడల మీదే ఉన్నాయి. చావు పోస్టరు చింపడానికి మా వాళ్ళకి చెయ్యి రాదు. బతికున్నదాని పోస్టరైనా సరే. ఎండకీ వానకీ చిన్న అక్షరాలు చెరిగిపోయాయి. ముఖం, అంచు మిగిలాయి. వాటి కింద గోనెలు పెట్టించాను. నా ముఖం ముందు తోలు నేల మీద పడేయడానికి జనం జంకుతున్నారు. పిల్లలు, చచ్చిన మామ్మ చూస్తోంది అని ఒకరినొకరు భయపెట్టుకుని గోనెలో వేస్తున్నారు. ఈ వానలకి కాలువ పారింది. శిక్షణ నుంచి తిరిగొచ్చిన జిఫా నా కాళ్ళ మీద పడినంత పని చేసింది. ఆకుపచ్చ అంచుతో, నవ్వుతున్న ఫోటోతో మళ్ళీ వేయిస్తానంది. వద్దన్నాను. అమ్ముడుపోతున్న సరుకుని ఎందుకు మార్చడం? ఇప్పుడామె మిగతా ఊళ్ళలో కూడా సంత పెద్దావిడల ముఖాలకి నల్ల అంచు పెట్టొచ్చా అని అడుగుతోంది. వాళ్ళ ఇంటివాళ్ళకి ముందే చెప్పు అన్నాను. అదొక్కటే నా సలహా.

నల్ల బట్టని అప్పుడప్పుడు తీసి ఎండలో వేస్తాను. దాని విలువ ఎంతో ఎంత ఆలోచించినా తేలదు. తిరిగి రానివాళ్ళు ఏ ఇంట్లోనూ బట్ట వదిలి వెళ్ళరు. కానీ ఆ బట్ట కట్టుకునే రోజున నేను గుమ్మంలో ఉండను.

పోయిన ఆదివారం ఫోను నేనే చేశాను.

"నీ బట్టకి పురుగు పట్టేలా ఉంది. వచ్చి చూసుకో," అన్నాను.

"ఎండలో వెయ్యి పిన్నీ."

"వేశాను." అవతల బస్సు హారను వినిపిస్తోంది. "బట్ట సంగతి కాదు. నువ్వు రా, మాన్సా."



"శనివారం చూస్తాను," అంది.

చూస్తాను అన్న గిరాకీని నేనెన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ మాట అన్నవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. శనివారం మధ్యాహ్నం అదోమా బల్ల దగ్గరికి వెళ్ళి రెండు కెంకీలు ఇమ్మన్నాను.

"ఎవరొస్తున్నారక్కా?"

"తెలీదు," అన్నాను. "ఇయ్యి."